సర్వర్ డౌన్ అయితే నష్టం ఎవరి ఖాతాలో?

నీలికలం
డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్‌కి ఆన్‌లైన్‌లో ఫీజు కట్టాను. బ్యాంకు నుంచి డబ్బు పోయింది, మెసేజ్ వచ్చింది, రసీదు డౌన్‌లోడ్ చేసి దాచుకున్నాను. ఆఫీసుకి వెళ్తే వాళ్ల తెర మీద అదే దరఖాస్తు నంబరు కింద "చెల్లింపు పెండింగ్" అని ఉంది. నా ఫోన్‌లో అదే వెబ్‌సైట్ తెరిస్తే "చెల్లింపు పూర్తయింది" అని ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. కౌంటర్లో ఆయన మర్యాదగానే మాట్లాడారు. "మాకు ఇందులో ఏది కనిపిస్తే అదే అమ్మా, నా చేతిలో ఏమీ లేదు, మళ్లీ కట్టేయండి" అన్నారు. ఈలోగా గడువు దాటింది. ఆలస్య రుసుము మాత్రం సిస్టమ్ దానంతటదే వేసేసింది, అందులో ఏ పొరపాటూ జరగలేదు.

నా ప్రశ్న ఒక్కటే. రెండు తెరలూ వాళ్లవే. రెండూ రెండు మాటలు చెబుతుంటే తప్పు నాదే అని ఎందుకు మొదలుపెడతారు? నేను కట్టానని నిరూపించుకోవాల్సింది నేనెందుకు? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా, ఎలా బయటపడ్డారు?

గాలిపటం
మళ్లీ మాత్రం కట్టకండి అక్కా. మా మావయ్య అలాగే కట్టాడు, రెండూ పెండింగ్‌లో పడ్డాయి. వెనక్కి తెచ్చుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

బగ్గులవేట
సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను కాబట్టి ఇది ఎలా జరుగుతుందో చెబుతా. మీ డబ్బు తీసుకున్నాక బ్యాంకు వైపు నుంచి ఆఫీసు సర్వర్‌కి "ఫలానా దరఖాస్తుకి డబ్బు అందింది" అని ఒక కబురు వెళ్తుంది. సరిగ్గా ఆ క్షణంలో ఆ సర్వర్ పలక్కపోతే కబురు దారిలోనే పోతుంది. మీ ఫోన్‌లో కనిపించే పేజీ బ్యాంకు చెప్పిన మాట చూపిస్తుంది, ఆఫీసు తెర తన దగ్గరున్న మాట చూపిస్తుంది. అందుకే రెండు తెరలు, రెండు మాటలు.

బాగా కట్టిన సిస్టమ్ అయితే రోజూ రాత్రి బ్యాంకు లెక్కనీ తన లెక్కనీ సరిపోల్చుకుంటుంది, తేడా ఉన్నవి సరిచేసుకుంటుంది. చాలాచోట్ల ఆ భాగం అసలు రాయరు, రాసినా ఏదో ఒక రోజు ఆగిపోతే ఎవరూ గమనించరు. మీరు బ్యాంకు రిఫరెన్స్ నంబరు పెట్టి "ఈ చెల్లింపు సరిపోల్చి అప్‌డేట్ చేయండి" అని రాతపూర్వకంగా ఇవ్వండి. నోటితో అడిగితే "పెండింగ్" అనే జవాబే మళ్లీ వస్తుంది.

ఒకటేమాట
ఒక్క ఫీజు రసీదు గురించి ఇంత చర్చ అవసరమా అనిపిస్తోంది. లక్షల మందికి సజావుగా జరుగుతోంది, కొంతమందికి ఇరుక్కుంటుంది. ఏ యంత్రమైనా అంతే. వారంలో సర్దుకుంటుంది.

సుజాత_వి
ఒకటేమాట గారూ, ఆ కొంతమందిలో మా అమ్మ ఉంది. పింఛనుకి వేలిముద్ర వేయాలి. జీవితమంతా పనిచేసిన చేతులు, గీతలు అరిగిపోయాయి. యంత్రం మీద బొటనవేలు పెడుతుంది, ఎర్ర లైటు. చూపుడువేలు, ఎర్ర లైటు. చెయ్యి కడుక్కుని, కొంగుతో గట్టిగా తుడుచుకుని మళ్లీ పెడుతుంది. ఎడమచేతి ఉంగరపు వేలు ఒక్కటి ఎప్పుడైనా పడుతుంది, అదీ ఒక పక్కకి వాల్చి పెడితే. పడని నెల పింఛను లేదు.

మనిషి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. అక్కడి ఉద్యోగికి ఆవిడ పేరు తెలుసు, వాళ్ల అబ్బాయి చదువు గురించి కూడా అడుగుతుంది మా అమ్మ. అయినా "ఈవిడే ఆవిడ" అని రాసి సంతకం పెట్టే అధికారం ఆ గదిలో ఒక్కరికీ లేదు. "సర్దుకుంటుంది" అని మీరన్నది చదివితే నాకు కోపం వచ్చింది. మందులు వారం ఆగవు.

ఒకటేమాట
సుజాత గారూ, మీ అమ్మగారి విషయం వేరు, అది ఘోరమే. నేనన్నది సర్వర్ ఆగిపోవడం గురించి.

పాతఫైలు
నేను కంప్యూటర్లు రాకముందు ఉద్యోగంలో చేరి, వచ్చాక రిటైరైనవాణ్ణి. రెండు కాలాలూ చూశాను కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను.

కాగితాల రోజులు బంగారం అని ఎవరూ అనుకోవద్దు. ఒక్క ఫైలు బీరువా వెనక జారిపడితే ఆ మనిషి పని అయిపోయినట్టే. పుట్టిన తేదీల రిజిస్టరుకి చెదలు పట్టి, మధ్య పేజీలు పొడైపోయి, ఆ ఏడు పుట్టినవాళ్లంతా అఫిడవిట్లు పట్టుకుని తిరగడం నేను కళ్లారా చూశాను. ఫైలు ఎవరి బల్ల మీద ఉందో తెలుసుకోవడానికే ఒక రోజు పోయేది. ఇప్పుడు నంబరు కొడితే తెలుస్తుంది. ఇది చిన్న మేలు కాదు.

కాకపోతే ఆ రిజిస్టరులో ఒక సౌకర్యం ఉండేది. కుడిపక్క మార్జిన్. లెక్కకి రానిది, నమూనాలో ఇమడనిది ఏదైనా వస్తే అక్కడ ఎర్ర సిరాతో "దరఖాస్తుదారు స్వయంగా హాజరు, రసీదు చూపించారు" అని రాసి, తేదీ వేసి, పొట్టి సంతకం చేసేవాళ్లం. ఆ రాతకి విలువ ఉండేది. ఆడిట్ వాళ్లు అడిగితే ఆ సంతకం ఎవరిదో వాళ్లు జవాబు చెప్పుకునేవాళ్లు. కంప్యూటర్ ఫారంలో ఆ మార్జిన్ పోయింది. ఇచ్చిన గడుల్లో పట్టని మనిషి దానికి అసలు కనిపించడు. నీలికలం అమ్మాయికి కావలసింది, సుజాత వాళ్ల అమ్మగారికి కావలసింది ఆ మార్జినే.

గాలిపటం
పాతఫైలు గారూ, మీ పోస్టులన్నీ ఎవరో బ్యాకప్ తీసి పెట్టాలి. :)

కౌంటర్_4
అవతలి పక్క నుంచి రాస్తున్నాను. ఏ ఆఫీసో చెప్పను.

పైన నీలికలం గారు "మర్యాదగానే మాట్లాడారు" అని రాశారు, సంతోషం. రోజూ తిట్లు తినేది మేమే. జనానికి కనిపించే పేజీ మాకు కనిపించదు, మాకు కనిపించేది వాళ్లకి కనిపించదు. తెర బిగుసుకుపోతే ముందు వరుసలో ఉన్నవాళ్లు నేను కావాలని ఆపానని అనుకుంటారు. సమస్య నమోదు చేయడానికి మాకూ ఒక పోర్టల్ ఉంది, టికెట్ పెడతాం, రెండు రోజులకి "పరిష్కరించబడింది" అని మూసేస్తారు. ఏం పరిష్కరించారో అక్కడ రాయరు. పోయి చూస్తే అలాగే ఉంటుంది.

ఇక మార్జిన్ గురించి. మా సిస్టమ్‌లో మొదట్లో ఉండేది, సూపర్‌వైజర్ లాగిన్‌తో స్టేటస్ మార్చే వీలు. తీసేశారు. ఎందుకు తీసేశారో పాతఫైలు గారికి నేను చెప్పక్కర్లేదు.

పాతఫైలు
తెలుసు బాబూ. మార్జిన్లో రాసే చేతికే తడి కావాలనేవాళ్లు. ఎర్ర సిరా రాతలన్నీ న్యాయం కోసం పడ్డవి కావు. అది కాదని నేను అనను.

వానాకాలం
ఇక్కడే అసలు చిక్కు ఉంది. మనిషికి అధికారం ఇస్తే లంచం, యంత్రానికి ఇస్తే మొండితనం. మధ్యస్థం ఏదైనా ఉందా?

బగ్గులవేట
ఉంది, దానికి వస్తాను. ముందు ఒకటేమాట గారికి ఒక మాట. ఆగిపోయిన సిస్టమ్ వేరు, తప్పుగా నడుస్తున్న సిస్టమ్ వేరు. మొదటిది అందరికీ తెలుస్తుంది, వార్తల్లోకి వస్తుంది, ఎవరో ఒకరు పరిగెడతారు. రెండోది నవ్వుతూ తుళ్లుతూ నడుస్తూనే ఉంటుంది, దాని కింద పడినవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు.

2014 ఏప్రిల్‌లో అమెరికాలో 911 ఎమర్జెన్సీ ఫోన్ల విషయం చూడండి. కొన్ని రాష్ట్రాల్లో, ముఖ్యంగా వాషింగ్టన్ రాష్ట్రం మొత్తంలో, అర్ధరాత్రి మొదలై సుమారు ఆరు గంటలు పోయాయి. కాల్స్‌ని ఆయా కేంద్రాలకి మళ్లించే సాఫ్ట్‌వేర్ ప్రతి కాల్‌కీ వరుసగా ఒక నంబరు వేస్తుంది. ఆ నంబరుకి ఎప్పుడో ఎవరో ఒక గరిష్ఠ పరిమితి పెట్టారు, 4 కోట్లు. ఆ రాత్రి అంకె అక్కడికి చేరింది. ఇక కొత్త కాల్‌కి నంబరు లేదు, నంబరు లేని కాల్ ముందుకి వెళ్లదు. కరెంటు పోలేదు, తుఫాను రాలేదు, ఏ వైరూ తెగలేదు. సర్వర్లన్నీ పచ్చ లైట్లతో నడుస్తున్నాయి. అలారం కూడా మోగింది, కానీ దాన్ని తక్కువ ప్రాధాన్యం ఉన్న వాటిలో వేశారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. 6,600కి పైగా కాల్స్ చేరలేదు. ఇంట్లోకి ఒకడు చొరబడుతుంటే ఒకావిడ కనీసం 37 సార్లు చేసింది ఆ నంబరుకి.

ఒక్క అంకె. దాన్ని ఏడాదికోసారి ఎవరైనా చూసి ఉంటే చాలు.

సుజాత_వి
37 సార్లు... చదవలేకపోయాను.

రాత్రిడ్యూటీ
నేను నర్సుని. మా దగ్గర సిస్టమ్ పోయిన రాత్రి గురించి చెబుతాను. పోగానే కాగితం షీట్లు తీశాం, ప్రతి వార్డులో ఒక డ్రాయరు నిండా ఉంటాయి. బీపీ, టెంపరేచర్ రాయడం కష్టం కాదు. కష్టమల్లా పాతది తెలియకపోవడం. ఫలానా రోగికి ఏ మందు పడదు, సాయంత్రం ఎంత డోసు ఇచ్చారు, రక్తపరీక్ష ఏం చెప్పింది, అన్నీ తెర వెనకాలే ఉన్నాయి. స్పృహలో ఉన్నవాళ్లని అడిగాం. లేనివాళ్ల ఇంటివాళ్లని నిద్రలేపి ఫోన్లో అడిగాం. ల్యాబ్‌కి ఒక అబ్బాయి మెట్లెక్కి దిగుతూ చీటీలు తెచ్చాడు తెల్లారేదాకా.

తెల్లారి సిస్టమ్ వచ్చింది. అప్పుడు ఇంకో టెన్షన్. రాత్రంతా కాగితం మీద రాసింది కంప్యూటర్లోకి ఎక్కించాలి, అది పూర్తయ్యేలోపు పగటి డ్యూటీ వాళ్లు తెర చూసి "మందు ఇంకా ఇవ్వలేదు" అనుకుంటే రెండోసారి ఇచ్చేస్తారు. అందుకని మందులు ఇచ్చిన ప్రతి మంచానికీ కాగితం అతికించాం. ఇది మాకు ఎవరూ నేర్పలేదు, మా సీనియర్ సిస్టర్‌కి తోచింది, చేశాం.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒకటి తేడా చేసి ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి కదా. ఆ రోజు ఎన్ని ఆసుపత్రుల్లో ఎంతమంది సిస్టర్లు ఇలాగే చేసి ఉంటారో అనుకున్నాను.

లెక్కలమాస్టారు
నీలికలం గారు అడిగిన ప్రశ్నే బ్రిటన్‌లో వందల కుటుంబాలు ఏళ్ల తరబడి అడిగాయి. 1999 నుంచి అక్కడి పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టారు, ఫుజిట్సు వాళ్లది. పోస్టాఫీసు నడిపేవాళ్లు లెక్క కట్టి చూసుకుంటే వేల పౌండ్లు తక్కువ చూపించేది. డబ్బు ఎక్కడికీ పోలేదు, లెక్కే తప్పు. ఒప్పందం ప్రకారం లోటు వాళ్లే పూడ్చాలి. దాచుకున్నది పోసి, అప్పులు చేసి పూడ్చారు. పూడ్చలేనివాళ్ల మీద దొంగతనం, తప్పుడు లెక్కల కేసులు పెట్టారు. 900 మందికి పైగా దోషులయ్యారు. కొందరు జైలుకి వెళ్లారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే చాలామందికి దొరికిన జవాబు, "ఈ సమస్య మీ ఒక్కరికే వస్తోంది" అని.

ఒక బగ్ గురించి చదివితే కడుపు మండుతుంది. తెర బిగుసుకుంటే ఎవరైనా ఎంటర్ మళ్లీ నొక్కుతారు కదా. నొక్కిన ప్రతిసారీ అదే మొత్తం మళ్లీ జమ పడేది, తెర మీద మాత్రం చలనం ఉండదు. 2015లో ఒకచోట 8,000 పౌండ్లు అలా నాలుగుసార్లు పడి, అదనంగా పడ్డ మూడుసార్లకీ కలిపి 24,000 లోటు తేలింది. నొక్కినావిడకి తానేం చేసిందో తెలిసే దారే లేదు.

ఇక చట్టం సంగతి. ఇంగ్లండ్‌లో అంతకుముందు కంప్యూటర్ లెక్కని సాక్ష్యంగా పెట్టాలంటే ఆ కంప్యూటర్ సరిగ్గా పనిచేస్తోందని చూపించాల్సి ఉండేది. 1999లో ఆ సెక్షన్ ఎత్తేశారు. అప్పటినుంచి యంత్రం సరిగ్గానే ఉందని కోర్టు ముందే అనుకుంటుంది, కాదనేవాళ్లు ఆధారం తేవాలి. పల్లెటూరి పోస్టుమాస్టరు ఎక్కడినుంచి తెస్తుంది ఆధారం? సర్వర్‌లో ఎప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే లాగ్‌లన్నీ అవతలివాళ్ల దగ్గరే ఉన్నాయి. 2019లో హైకోర్టు ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్పులున్నాయని తేల్చింది. శిక్షలన్నిటినీ మొత్తంగా రద్దు చేయడానికి 2024లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది.

నీలికలం
మాస్టారూ, నేను అడిగిన చిన్న ప్రశ్న వెనక ఇంత ఉందని తెలియదు. "మీ ఒక్కరికే వస్తోంది" అన్న మాట నాకూ చెప్పారు, హెల్ప్‌లైన్‌లో.

గాలిపటం
నాక్కూడా! పరీక్ష దరఖాస్తులో ఫోటో ఎక్కనప్పుడు. తర్వాత చూస్తే మా బ్యాచ్‌లో సగం మందికి అదే గొడవ. అందరికీ విడివిడిగా "మీ ఒక్కరికే" అన్నారు.

ఒకటేమాట
మాస్టారు చెప్పింది ఒప్పుకుంటాను, అది అన్యాయం. కానీ అక్కడ తప్పు సాఫ్ట్‌వేర్‌ది ఎంతో, కప్పిపుచ్చిన మనుషులది అంతకు ఎక్కువ. బగ్‌లు ఉన్నాయని లోపలివాళ్లకి తెలుసు కదా. అలాంటప్పుడు సాఫ్ట్‌వేర్ వల్ల జరిగింది అని రాయడం మనుషుల్ని తప్పించడమే.

లెక్కలమాస్టారు
ఈ మాట మీరన్నది నిజం.

వానాకాలం
ఆస్ట్రేలియాలో ప్రభుత్వ సాయం ఎక్కువ తీసుకున్నారని జనం దగ్గర వెనక్కి రాబట్టడానికి రోబోడెట్ అని ఒక పథకం నడిచింది, అక్కడైతే బగ్ కూడా లేదు. ప్రోగ్రామ్ రాసింది రాసినట్టే పనిచేసింది. ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకి సమానంగా పంచేసి, నువ్వు సాయం తీసుకున్న పక్షాల్లో కూడా సంపాదించావు కాబట్టి ఇంత బాకీ అని నోటీసులు పంపింది. ఆరు నెలలు పనిచేసి ఆరు నెలలు ఖాళీగా ఉన్న మనిషికి ఆ లెక్క ఎలా సరిపోతుంది? బాకీ లేదని చూపించడానికి ఏళ్లనాటి జీతం చీటీలు తెమ్మన్నారు. 4 లక్షలకు పైగా మందికి ఇలా పడింది. 2019 చివర్లో ఆపారు, 2023లో దాని మీద వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, నివేదిక వచ్చింది. అంతకుముందు నోటీసు పంపేముందు ఒక ఉద్యోగి కేసు చూసేవాడు. ఆ మనిషిని తీసేయడమే ఈ పథకంలో మిగులు.

బగ్గులవేట
అమెరికాలో మిషిగన్ రాష్ట్రం కూడా అంతే. నిరుద్యోగ భృతి మోసాలు పట్టడానికి 2013లో మైడాస్ అని పెట్టారు. అది సొంతంగా తేల్చిన 22,427 కేసులు తర్వాత తిరగేస్తే 93 శాతం తప్పు. ఆ లోపల జీతాల్లోంచి, పన్ను రిఫండుల్లోంచి డబ్బు కోసేసుకున్నారు.

కౌంటర్_4
కెనడాలో ప్రభుత్వ ఉద్యోగులకి పెట్టిన ఫీనిక్స్ అనే జీతాల సిస్టమ్ గురించి మా యూనియన్ మీటింగ్‌లో చెప్పారు. 2016లో మొదలుపెట్టారు, సుమారు 2,90,000 మంది ఉద్యోగులు. సిస్టమ్ వస్తోంది కదా అని జీతాలు చూసే అనుభవజ్ఞుల్ని ముందే వందల్లో తగ్గించేశారు. ఖర్చు ఎక్కువవుతుందని కొన్ని సౌకర్యాలు తీసేశారు, ముందు ఒకచోట నడిపి చూద్దామన్న పరీక్షనీ రద్దు చేశారు. తర్వాత కొందరికి జీతం రాదు, కొందరికి ఎక్కువ వస్తుంది. ఎక్కువ వచ్చినవాళ్ల బాధ ఇంకా ఎక్కువ, వాడుకున్నాక వెనక్కి కట్టమంటారు. ఏళ్లు పట్టింది, ఇంకా మొత్తం తేలలేదు.

నాకు ఇందులో భయం వేసేది ఒక్కటే. పాత పద్ధతి తెలిసిన మనిషి వెళ్లిపోయాక, సిస్టమ్ తప్పు చేస్తోందని గుర్తుపట్టేవాళ్లు కూడా ఉండరు. మా ఆఫీసులో ఇప్పుడు ఫీజు లెక్క చేత్తో వేయగలిగేది ఇద్దరమే.

కొత్తసభ్యుడు7
కాలేజీ స్కాలర్‌షిప్ సైట్‌లో ఓటీపీ రావట్లేదు, ఎవరైనా హెల్ప్ చేయగలరా?

గాలిపటం
తమ్ముడూ, దానికి వేరే థ్రెడ్ పెట్టు, అక్కడ చూస్తాను. రాత్రి పూట ప్రయత్నించు ఈలోగా.

సుజాత_వి
"రాత్రి పూట ప్రయత్నించు". ఇది కూడా మనం అలవాటు చేసుకున్నాం, చూడండి. సర్వర్ ఖాళీగా ఉంటుందని పిల్లలు అర్ధరాత్రి లేచి ఫారాలు నింపుతున్నారు. ఆ నిద్ర ఏ నష్టం లెక్కలోకీ రాదు.

పాతఫైలు
బగ్గులవేట గారు మధ్యస్థం చెబుతానని ఆగిపోయారు.

బగ్గులవేట
వస్తున్నా. ఒక ఉదాహరణతో చెబుతా. 2023 ఆగస్టు 28న బ్రిటన్‌లో విమానాల రాకపోకలు చిందరవందర అయ్యాయి, 7 లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. లాస్ ఏంజిలిస్ నుంచి పారిస్ వెళ్లే ఒకే ఒక విమానం ఫ్లైట్ ప్లాన్ కారణం. దారిలోని గుర్తింపు స్థానాలకి పొట్టి పేర్లుంటాయి. ఆ ప్లాన్‌లో డీవీఎల్ అని రెండుచోట్ల వచ్చింది. ఒకటి ఫ్రాన్స్‌లో డోవిల్, ఇంకొకటి అమెరికాలో డెవిల్స్ లేక్. సాఫ్ట్‌వేర్‌కి అర్థం కాలేదు, తప్పు సమాచారం కంట్రోలర్లకి పోకూడదని తనంతట తానే ఆగిపోయింది. వెంటనే బ్యాకప్ అందుకుంది. బ్యాకప్‌లో ఉన్నదీ అదే కోడ్, వచ్చిందీ అదే ప్లాన్. 20 సెకన్లలోపే అదీ ఆగింది.

ఆగడం తప్పు కాదు, తప్పుడు దారి చూపించడం కన్నా ఆగడమే మేలు. కానీ ఒక్క ప్లాన్‌ని పక్కన పెట్టి "దీన్ని మనిషి చూడాలి" అని మిగతావి నడిపించే వీలు ఉండి ఉంటే అంత జరిగేది కాదు. అప్పటినుంచి చేత్తో ఎక్కిస్తే గంటకి 60 ప్లాన్లకి మించి కాలేదు.

ఆఫీసు సిస్టమ్‌లకీ అదే కావాలి. లెక్కకి రాని కేసు వస్తే తిరస్కరించకూడదు, ఆమోదించకూడదు, "మనిషి చూడాలి" అనే వరుసలోకి వెళ్లాలి. అక్కడ ఒకరు కారణం రాసి మారిస్తే ఇంకొకరు ఒప్పుకోవాలి, ఇద్దరి పేర్లూ టైమూ చెరపడానికి వీల్లేకుండా పడాలి, దరఖాస్తుదారుకి కూడా కనిపించాలి. పాతఫైలు గారి మార్జినే ఇది, కాకపోతే రెండు సంతకాలతో. మారుస్తున్నది ఎవరో అందరికీ కనిపిస్తే లంచానికి దారి చాలా ఇరుకవుతుంది. ఆ వరుస తేలేదాకా గడువు గడియారం ఆగాలి. నీలికలం గారికి ఆలస్య రుసుము పడకూడదు, సుజాత గారి అమ్మగారికి పాత పింఛను వస్తూనే ఉండాలి.

పాతఫైలు
రెండు సంతకాలు, దరఖాస్తుదారుకి కనిపించాలి. ఇది నాకు నచ్చింది. మా రోజుల్లో ఆ రెండోది లేదు.

ఒకటేమాట
గడువు ఆగాలి అన్నదాంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. మిగతాదానికి డబ్బు, మనుషులు కావాలి. టెండరులో తక్కువ చెప్పినవాడికి పని ఇస్తారు, వాడు ఈ వరుస ఎందుకు కడతాడు? అడిగిన కాగితంలో లేదు కదా.

బగ్గులవేట
అందుకే అడిగే కాగితంలోనే ఉండాలి. "సిస్టమ్ పనిచేయనప్పుడు ప్రజల పని ఎలా జరుగుతుంది" అని ఒక పేజీ లేని టెండరుని ఎవరూ ఆమోదించకూడదు.

రాత్రిడ్యూటీ
ఇంకొకటి, ఆ కాగితం పద్ధతిని అప్పుడప్పుడూ నడిపి చూడాలి. మా డ్రాయర్లో షీట్లు ఉన్నాయి కాబట్టి బతికాం. కొత్తగా చేరిన పిల్లలకి వాటిలో ఏ గడి దేనికో తెలియదు.

వానాకాలం
1992 అక్టోబరులో లండన్ అంబులెన్స్ సర్వీసులో ఏ కాల్‌కి ఏ అంబులెన్సుని పంపాలో కంప్యూటరే చూసే పద్ధతి పెట్టిన మొదటి రోజే కాల్స్ పేరుకుపోయి అంబులెన్సులు ఎక్కడున్నాయో తెలియకుండా పోయింది. కొద్ది రోజులకి, నవంబరు 4న, మొత్తం ఆగింది. మరిచిపోయి వదిలేసిన చిన్న కోడ్ ముక్క మెమరీ తినేసింది. అప్పుడు కాగితాలు, ఫోన్లతోనే నడిపారు. ఆ పని తెలిసినవాళ్లు ఇంకా అదే గదిలో ఉన్నారు కాబట్టి కుదిరింది.

నీలికలం
అప్‌డేట్. బగ్గులవేట గారు చెప్పినట్టు రిఫరెన్స్ నంబరుతో రాసిచ్చాను, కింద తేదీ ముద్ర వేయించుకున్నాను. చెల్లింపు సరిచేశారు. ఆలస్య రుసుము మాత్రం తీయడానికి వీలు లేదంటున్నారు, "సిస్టమ్ వేసింది" అని. ఆలస్యం వాళ్ల సర్వర్ వల్లేనని వాళ్లే రాసిచ్చారు, అయినా. దాని మీద అప్పీలు పెడుతున్నాను. మొత్తం పెద్దది కాదు, కానీ కట్టను.

సుజాత_వి
కట్టకండి. మీరు గెలిస్తే ఆ ఆర్డరు కాపీ ఇక్కడ పెట్టండి, మాకు పనికొస్తుంది. మీ పేరు, నంబర్లు చెరిపేసి పెట్టండి.

కౌంటర్_4
నీలికలం గారూ, అప్పీలులో ఆ రోజు సర్వర్ ఏ టైమ్ నుంచి ఏ టైమ్ దాకా పోయిందో అధికారికంగా ఇమ్మని అడగండి. ఆ లాగ్ ఉంటుంది, అడిగితేనే బయటికి వస్తుంది. దాని మీద మీ చెల్లింపు టైమ్ పెడితే వాదన అక్కడితో తేలుతుంది.

మా దగ్గర ఈమధ్య ఒక పని మొదలుపెట్టాం, పైనుంచి ఆర్డరు ఏమీ లేదు, మేనేజరు గారు ఒప్పుకున్నారు. సిస్టమ్ పోగానే బల్ల కింద నుంచి ఒక పొడుగు రిజిస్టరు తీస్తాం. వచ్చినవాళ్ల పేరు, పని, టైమ్, తెచ్చిన కాగితాలు రాస్తాం, వాళ్ల చేత సంతకం పెట్టించి నంబరు చీటీ ఇస్తాం. సిస్టమ్ వచ్చాక మేమే ఎక్కిస్తాం, వాళ్లు మళ్లీ రావక్కర్లేదు.

గాలిపటం
మరి గడువు ఆఖరి రోజు అలా రాసి, మర్నాడు ఎక్కిస్తే సిస్టమ్ లేటు అనదా?

కౌంటర్_4
అంటుంది. అందుకే రిజిస్టరు పేజీ స్కాన్ చేసి ఆ దరఖాస్తుకి జతచేస్తాం, మేనేజరు సంతకంతో. రిజిస్టరులో రాసిన టైమే దరఖాస్తు అందిన టైమ్ అని. ఇప్పటిదాకా పై ఆఫీసు ఒక్కటీ తిప్పి పంపలేదు.

పాతఫైలు
ఆ రిజిస్టరుకి పేజీ నంబర్లు ముందే వేసి ఉంచండి బాబూ, మొదటి పేజీలో మొత్తం ఎన్ని పేజీలో రాసి సంతకం చేయించండి. రేపు ఎవరైనా మధ్యలో పేజీ చింపారని అంటే అదే మీకు రక్ష.

కౌంటర్_4
రేపే చేస్తాం సార్.